మూత తీస్తే శుద్ధి, ఇనుము కలిపితే కాదు: ప్రమాదకర వ్యర్థాల చట్టాల్లో ఒక మాట తిరిగే తీరు

ఒక ఫ్యాక్టరీ వెనక షెడ్డులో రెండు వందల లీటర్ల పీపా ఒకటి ఉందనుకుందాం. అందులో యంత్రాల జిడ్డు కడగ్గా మిగిలిన సాల్వెంట్ ఉంది. మూత బిగించలేదు. వారం తర్వాత చూస్తే సరుకు సగానికి తగ్గింది. ఎవరూ పారబోయలేదు, తగలబెట్టలేదు, ఇంకో చోటికి తరలించలేదు. మామూలు మనిషిని అడిగితే “ఆవిరైపోయింది, అంతే” అంటాడు. అమెరికా ప్రమాదకర వ్యర్థాల చట్టాన్ని అడిగితే మాత్రం అది ఎదురు ప్రశ్న వేస్తుంది: మూత పెట్టడం మరిచిపోయారా, కావాలనే తీసి ఉంచారా? మరిచిపోతే, వ్యర్థం పోసేటప్పుడూ తీసేటప్పుడూ తప్ప పీపాను మూసే ఉంచాలన్న నియమాన్ని మీరినట్టు. బయటికి పంపే సరుకు తగ్గుతుంది, ఖర్చు కలిసొస్తుంది అని కావాలనే తీసి ఉంచితే, అనుమతి లేకుండా ‘ట్రీట్‌మెంట్’ చేసినట్టు. రెండోది చాలా పెద్ద తప్పు.

ట్రీట్‌మెంట్ అనే మాటకు తెలుగులో ‘శుద్ధి’ స్థిరపడింది. నీటి శుద్ధి, మురుగు శుద్ధి, వ్యర్థాల శుద్ధి. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. శుద్ధి అనగానే మలినం పోయింది, ఇక భయం లేదు అనిపిస్తుంది. చట్టంలోని ట్రీట్‌మెంట్‌కి అలాంటి హామీ ఏదీ లేదు. పిండినా, నలిపినా, ఎండబెట్టినా శుద్ధి కిందికే రావచ్చు, లోపలి విషం చుక్క కూడా తగ్గకపోయినా సరే. మరోవైపు, పరీక్షలో చక్కగా పాసైన వ్యర్థాన్ని చూసి కూడా “ఇది శుద్ధి కాదు” అని అదే చట్టం తోసిపుచ్చిన సందర్భాలున్నాయి. మొదటిసారి చదివేవాళ్లకు ఇది గందరగోళమే. ఆ మాట ఏ పని కోసం వాడుతున్నారో చూస్తే ముడి చాలావరకు విడుతుంది. అనుమతి తీసుకోవాల్సిన చోట శుద్ధికి అర్థం వెడల్పు. శుద్ధి చేసి తీరాలని ఆజ్ఞ ఉన్న చోట అర్థం ఇరుకు. మాట ఒకటే, కొలబద్దలు రెండు.

ముందుగా వెడల్పాటి అర్థం. అమెరికాలో ఈ రంగానికి మూలం 1976లో వచ్చిన రిసోర్స్ కన్జర్వేషన్ అండ్ రికవరీ యాక్ట్. ఈ పనిలో ఉన్నవాళ్లందరూ ‘రిక్రా’ అని పిలిచేది దీన్నే. అందులోని నిర్వచనం సారాంశం ఇది: ప్రమాదకర వ్యర్థం భౌతిక, రసాయన, జీవ స్వభావాన్ని గానీ కూర్పును గానీ మార్చేందుకు ఉద్దేశించిన ఏ పద్ధతి అయినా, ఏ ప్రక్రియ అయినా శుద్ధే. అయితే ఆ మార్పుకు ఒక ప్రయోజనం ఉండాలి. వ్యర్థాన్ని తటస్థం చేయడం, ప్రమాదం లేకుండా చేయడం, రవాణాకు సురక్షితంగా మార్చడం, అందులోంచి ఏదైనా రాబట్టుకునేందుకు అనువుగా చేయడం, నిల్వకు అనువుగా చేయడం, లేదా పరిమాణం తగ్గించడం. ఇందులో ఏ ఒక్కటైనా చాలు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ, తన నియమావళిలో ఈ జాబితాకు వ్యర్థం నుంచి శక్తినీ పదార్థాలనూ రాబట్టడాన్ని కూడా చేర్చింది. ఆ నియమావళి మొదటిసారి 1980 మేలో వెలువడి, అదే ఏడాది నవంబరులో అమల్లోకి వచ్చింది.

ఈ జాబితాలో చివరిదైన ‘పరిమాణం తగ్గించడం’ చాలామందిని ముంచుతుంది. బురదలోంచి నీళ్లు పిండే ఫిల్టర్ ప్రెస్, పీపాలో చెత్తను అదిమి కుదించే యంత్రం, తడి బురదను ఆరబెట్టే డ్రయ్యరు, ఇవన్నీ దీని కిందికి వస్తాయి. వీటిలో దేనివల్లా విషం పోదు. నిజానికి నీళ్లు పోయాక మిగిలిన బురదలో లోహాలు మరింత చిక్కబడతాయి. అయినా అది శుద్ధే. ఎందుకంటే ఇక్కడ చట్టానికి కావాల్సింది వ్యర్థం మంచిగా మారిందా లేదా అన్నది కాదు. దాన్ని ముట్టుకుని, కదిపి, రూపం మార్చే పని జరుగుతోందా అన్నదే దాని పట్టింపు. అలాంటి పని చేసేటప్పుడే ఆవిర్లు లేస్తాయి, నిప్పు అంటుకుంటుంది, ఒలుకుతుంది. కాబట్టి ఆ పని చేసేవాడు ముందుగా వచ్చి పర్మిట్ అడగాలి.

పర్మిట్ అనేది చిన్న కాగితం కాదు. వ్యర్థాల విశ్లేషణ ప్రణాళిక, అత్యవసర ఏర్పాట్లు, సిబ్బంది శిక్షణ, మూసేటప్పుడు స్థలాన్ని శుభ్రం చేసేందుకు ఆర్థిక హామీ, స్థలంలో ఎప్పుడో జరిగిన కాలుష్యాన్ని కూడా సరిచేసే బాధ్యత, అన్నీ మెడకు చుట్టుకుంటాయి. పర్మిట్ లేకుండా తెలిసి తెలిసి శుద్ధి చేస్తే రోజుకు 50,000 డాలర్ల వరకు జరిమానా, అయిదేళ్ల వరకు జైలు అని చట్టంలోనే ఉంది. అందుకే “మేం చేసేది శుద్ధా, కాదా” అన్న ప్రశ్న దగ్గర కంపెనీల లాయర్లకు అంత టెన్షన్.

నిర్వచనంలో అన్నిటికంటే బరువైన మాట ‘ఉద్దేశించిన’ అన్నది. మార్పు దానంతట అదే జరిగితే శుద్ధి కాదు, మార్పు కోసం ఏర్పాటు చేస్తే శుద్ధి. పీపాలో అడుగున మడ్డి పేరుకుంటే ఎవరూ శుద్ధి అనరు. మడ్డి పేరుకునేలా ట్యాంకు కట్టి, పైన తేరిన ద్రవాన్ని వేరుగా తీస్తే అది శుద్ధి అవుతుంది. ప్రయోగశాలలో పొగ లాగే అరలో బీకరు పెట్టి రసాయనం ఆవిరయ్యేదాకా వదిలేయడం కొన్నిచోట్ల పాత అలవాటు. ప్రయోగంలో భాగంగా ఆవిరి చేస్తే అది ప్రయోగం. ప్రయోగం ముగిశాక, పడేయాల్సిన ద్రవాన్ని వదిలించుకోడానికి అదే అరలో అదే బీకరు పెడితే అది వ్యర్థాల శుద్ధి. చేతులు చేసిన పనిలో తేడా లేదు. ఆ ద్రవం వ్యర్థంగా మారిన క్షణం ఏది అన్నదే తేడా.

ఈ క్షణం గురించి కాస్త ఆగి చూడాలి. శుద్ధి నియమాలు వ్యర్థానికే వర్తిస్తాయి, ఇంకా వ్యర్థం కాని దానికి వర్తించవు. ఉత్పత్తి యంత్రంలో, పైపుల్లో ఉన్నంతసేపూ అందులో పుట్టిన వ్యర్థం మీద ఈ నియమాల భారం పడదని ఈపీఏ నియమం చెబుతుంది. యంత్రం నుంచి బయటికి వచ్చాకో, యంత్రం ఆగిపోయి 90 రోజులు దాటాకో లెక్క మొదలవుతుంది. ప్రయోగశాలల్లో అయితే ప్రయోగ విధానంలోనే చివరి మెట్టుగా ఆమ్లాన్ని తటస్థం చేసే దశను రాసుకుంటే, వ్యర్థం పుట్టకముందే పని అయిపోతుంది. తెలివైన ఏర్పాటే. అయితే వ్యర్థాల పీపాలోకి ఒకసారి ఒంపాక వెనక్కి వచ్చి “ఇదీ ప్రయోగంలో భాగమే” అంటే చెల్లదు.

ఈ క్షణం ఎంత తేడా తెస్తుందో సైనిక మందుగుండు విషయంలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 1997 ఫిబ్రవరిలో ఈపీఏ ఇచ్చిన మిలిటరీ మ్యూనిషన్స్ రూల్ ప్రకారం శిక్షణ మైదానంలో షెల్ పేల్చితే అది దేనికోసం తయారైందో దానికే వాడినట్టు. వ్యర్థం ప్రసక్తే లేదు. కాలం చెల్లిన అదే రకం షెల్‌ని వదిలించుకోడానికి గుంటలో పెట్టి పేల్చితే అది ప్రమాదకర వ్యర్థాల శుద్ధి, దానికి పర్మిట్ కావాలి. బయట బహిరంగంగా వ్యర్థాలను కాల్చడం మీద నిషేధం ఉన్నా, వేరే సురక్షిత మార్గం లేని పేలుడు వ్యర్థాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. పక్కన నిలబడి చూసేవాడికి రెండు పేలుళ్లూ ఒకేలా వినిపిస్తాయి.

చిన్న వస్తువుల దగ్గర కూడా ఇలాంటి తగవులు నడిచాయి. వాడేసిన స్ప్రే డబ్బాలనే తీసుకుంటే, వాటికి చిల్లు పెట్టి లోపల మిగిలిన రంగును, గ్యాసును తీసేసి రేకును పాత ఇనుముకి పంపడం చాలా ఫ్యాక్టరీల్లో రోజువారీ పని. చిల్లు పెట్టడం శుద్ధా, లేక రేకును మళ్లీ వాడుకునే పనిలో ఒక మెట్టా అన్నదాని మీద ఏళ్ల తరబడి రాష్ట్రానికో మాట ఉండేది. 2019 డిసెంబరులో ఈపీఏ ఈ డబ్బాలను ‘యూనివర్సల్ వేస్ట్’ అనే తేలిక వర్గంలో చేర్చి, తగిన పరికరంతో, రాతపూర్వక పద్ధతితో, ఒలికినా ఆవిర్లు లేచినా పట్టుకునే ఏర్పాటుతో చిల్లు పెట్టొచ్చని తేల్చింది. పాదరసం ఉండే ట్యూబులైట్లను 1999లోనే ఈ వర్గంలో చేర్చినా, వాటిని నలగ్గొట్టడానికి మాత్రం అప్పుడు ఒప్పుకోలేదు. నలగ్గొడితే పాదరసం ఆవిరి బయటపడుతుంది, అది శుద్ధి కిందికే వస్తుందని దాని వాదన. డబ్బాకు చిల్లు సరే, ట్యూబుకు దెబ్బ వద్దు. వినడానికి వింతగా ఉన్నా, ఆవిరిని పట్టుకోవడం ఎంత కష్టమో చూస్తే ఈ తేడాకు అర్థం ఉంది.

ఇంత వెడల్పుగా నిర్వచించాక ప్రతి చిన్న పనికీ పర్మిట్ అంటే దేశంలో సగం ఫ్యాక్టరీలు మూసుకోవాలి. అందుకే నిర్వచనాన్ని అలాగే ఉంచి, పక్కనుంచి మినహాయింపుల తలుపులు తెరిచారు. ‘ఇది శుద్ధి కాదు’ అని ఈ మినహాయింపులు అనవు. ‘శుద్ధే, కానీ పర్మిట్ అక్కర్లేదు’ అంటాయి. ఈ తేడాను పట్టించుకోని కంపెనీలే ఎక్కువగా ఇరుక్కుంటాయి. షరతుల్లో ఒక్కటి తప్పినా మినహాయింపు ఊడిపోతుంది, కింద శుద్ధి అనే అసలు నిర్వచనం చెక్కుచెదరకుండా కాచుకుని ఉంటుంది.

ఆమ్లాలు, క్షారాలకు ఇచ్చిన మినహాయింపు వీటిలో అందరికీ తెలిసింది. పీహెచ్ 2 లేదా అంతకన్నా తక్కువ, 12.5 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న నీటి వ్యర్థాన్ని తినేసే గుణం ఉన్నదిగా లెక్కిస్తారు. వ్యర్థం ప్రమాదకరం కావడానికి ఆ గుణం ఒక్కటే కారణమైతే, ట్యాంకులోనో పీపాలోనో తటస్థం చేసుకోడానికి పర్మిట్ వద్దు. ఒక్కటే కారణం అన్నచోట జాగ్రత్తగా ఉండాలి. ఆ ఆమ్లంలో పరిమితికి మించి క్రోమియం కూడా ఉంటే ఈ తలుపు మూసుకుంటుంది. లోహపు పూత పనిలో వాడిన ఆమ్లాల్లో లోహాలు లేకుండా ఉండటం అరుదు. సులువుగా కనిపించే ఈ మినహాయింపు చాలామంది అనుకున్నంత దూరం పోకపోవడానికి అదే కారణం.

మురుగునీటి శుద్ధి ట్యాంకులకూ మినహాయింపు ఉంది. నీటి కాలుష్య చట్టం కింద ఆ నీళ్ల మీద ఇప్పటికే నియంత్రణ ఉంటే, ట్యాంకు మీద వ్యర్థాల చట్టం మళ్లీ చెయ్యి వేయదు. ట్యాంకు కాకుండా నేల మీద తవ్విన చెరువైతే ఈ వెసులుబాటు లేదు, ఎందుకంటే చెరువు అడుగునుంచి భూగర్భ జలంలోకి ఇంకుతుంది. ఇక్కడే బురద డ్రయ్యరు గొడవ వస్తుంది. అదే డ్రయ్యరు మురుగునీటి శుద్ధి వ్యవస్థలో భాగంగా ఉంటే పర్మిట్ అక్కర్లేదు. బయట నుంచి తెచ్చిన బురద కోసం విడిగా పెట్టుకుంటే కావాలి. యంత్రం, దాని వేడి, లోపలికి పోయే బురద అన్నీ ఒకటే కావచ్చు. ఏ వ్యవస్థకు తగిలించారన్నదే లెక్క.

పూర్తిగా మూసి ఉన్న వ్యవస్థల సంగతి ఇంకోలా ఉంటుంది. ఉత్పత్తి ప్రక్రియకు నేరుగా కలిపి, లోపలిది చుక్క కూడా బయటికి రాకుండా కట్టిన ఏర్పాటు అయితే పర్మిట్ వద్దు. వాడేసిన ఆమ్లం ప్రవహిస్తూనే తటస్థమయ్యే పైపును నియమావళే ఉదాహరణగా చూపిస్తుంది. ఇక పీపాలో పీల్చుకునే పొడి వేయడానికి ఇచ్చిన మినహాయింపులో షరతు సమయం గురించి. వ్యర్థం మొదటిసారి పీపాలోకి పడే సమయంలోనే పొడి కలిస్తే సరే. నెల తర్వాత, పీపా లోపల ద్రవం కనిపిస్తోందని పొడి చల్లితే ఈ మినహాయింపు అందదు.

అన్నిటికంటే పెద్ద తలుపు మాత్రం వేరే ఉంది. వ్యర్థాన్ని పుట్టించిన ఫ్యాక్టరీయే, దాన్ని పంపేవరకు తాత్కాలికంగా దాచుకునే ట్యాంకులో, పీపాలో శుద్ధి చేసుకోవచ్చని ఈపీఏ 1986 మార్చిలో ఒక ప్రకటనలో వివరించింది. నెలకు 1,000 కిలోలు, ఆపైన పుట్టించేవాళ్లకు దాచుకునే గడువు 90 రోజులు. 100 కిలోలు దాటి 1,000 లోపు అయితే 180 రోజులు. ఆ గడువులో, ఆ పీపాకు వర్తించే నియమాలన్నీ పాటిస్తూ తటస్థం చేయొచ్చు, సిమెంటుతో గట్టిపరచొచ్చు. కాల్చడం, వేడిపెట్టి చేసే శుద్ధి మాత్రం దీని కింద కుదరదు. రాష్ట్రాలు దీనికంటే కఠినంగా ఉండొచ్చు, కొన్ని ఉన్నాయి కూడా. అంటే కేంద్ర నియమం చదివి ధైర్యం తెచ్చుకున్నవాడు రాష్ట్ర నియమం దగ్గర తప్పు చేసినవాడు కావచ్చు.

రీసైక్లింగ్‌ది మరో దారి. వ్యర్థం నుంచి పదార్థం రాబట్టడం నిర్వచనం ప్రకారం శుద్ధే అయినా, రీసైక్లింగ్ ప్రక్రియను మాత్రం పర్మిట్ నుంచి చాలావరకు తప్పించారు. దాంతో ‘రీసైక్లింగ్’ బోర్డు తగిలించుకుని వ్యర్థాన్ని తగలబెట్టేవాళ్లు పుట్టుకొచ్చారు. 1983లో ఈపీఏ ఒక మార్గదర్శకం ఇచ్చింది. పౌనుకు 5,000 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) కంటే తక్కువ వేడినిచ్చే వ్యర్థాన్ని ఇంధనమని కాలిస్తే, అది ఇంధనం కాదు, వదిలించుకునే నాటకమని అనుకోవాల్సి వస్తుంది అని దాని సారం. కట్టె కాలిస్తే వచ్చే వేడి కూడా రానిదాన్ని ఇంధనం అనడం ఎవరికైనా నమ్మశక్యం కాదు. 1991లో బాయిలర్లు, పారిశ్రామిక కొలిముల్లో ప్రమాదకర వ్యర్థాలు కాల్చడానికి విడిగా కఠిన నియమాలు వచ్చాక ఆ దారి బాగా ఇరుకైంది.

ఇప్పుడు రెండో కొలబద్ద. 1984లో అమెరికా కాంగ్రెస్ రిక్రాను సవరించి, శుద్ధి చేయని ప్రమాదకర వ్యర్థాన్ని నేలలో పూడ్చకూడదని ఆజ్ఞాపించింది. అప్పటివరకు శుద్ధి అంటే అనుమతి తీసుకుని చేసే పని, తప్పించుకోగలిగితే తప్పించుకునే మాట. ఆ సవరణతో అది తప్పనిసరి బాధ్యత అయింది. దాంతో వాదనల దిశ తిరగబడింది. నిన్నటిదాకా “మేం చేసేది శుద్ధి కాదు మహాప్రభో” అన్న కంపెనీలే ఇప్పుడు “మేం చేసింది శుద్ధే, పూడ్చనివ్వండి” అనడం మొదలుపెట్టాయి. చట్టం కూడా స్వరం మార్చింది. విషగుణం గణనీయంగా తగ్గాలి, లేదా విషం వ్యర్థంలోంచి బయటికి కదిలే అవకాశం గణనీయంగా తగ్గాలి, మనుషులకూ పర్యావరణానికీ ఇప్పుడు గానీ తర్వాత గానీ ముప్పు కనిష్ఠం కావాలి. నీళ్లు పిండితే చాలు అనే మాట ఇక్కడ ఎక్కడా లేదు.

పల్చన చేయడాన్ని ఇక్కడ ముందే అడ్డుకున్నారు. పరిమితికి పదింతలు విషం ఉన్న వ్యర్థంలో ఇరవయ్యింతల మట్టి కలిపితే అంకె దిగుతుంది, విషం మాత్రం గ్రాము కూడా తగ్గదు. శుద్ధికి బదులుగా పల్చన చేయడం నిషేధం. అయితే కలపడం అంతా పల్చన కాదు. సిమెంటు కలిపితే లోహాలు గట్టిగా బంధించబడతాయి, సున్నం కలిపితే ఆమ్లం విరుగుతుంది. రెండింటిలోనూ బరువు పెరుగుతుంది, కానీ రసాయన చర్య జరుగుతుంది. చర్య జరిగిందా, అంకె మాత్రమే దిగిందా అన్నది తేల్చడమే కష్టం.

దీనికి ఇనుప రజను కథ మించిన ఉదాహరణ దొరకదు. ఇత్తడి, కంచు పోతపోసే ఫౌండ్రీల్లో వాడేసిన ఇసుకలో సీసం ఉంటుంది. ఆ ఇసుక ప్రమాదకరమా కాదా అని తేల్చే పరీక్షలో దాన్ని ఎసిటిక్ ఆమ్లపు ద్రావణంలో, బరువుకు ఇరవై రెట్లు ద్రవంతో, సుమారు 18 గంటలపాటు తిప్పుతారు. చెత్త డంపు కింద ఊరే పుల్లటి నీటికి ఇది నకలు. ఆ ద్రవంలో లీటరుకు 5 మిల్లీగ్రాముల సీసం కనిపిస్తే వ్యర్థం ప్రమాదకరం. ఫౌండ్రీలు ఒక చిట్కా కనిపెట్టాయి. ఇసుకలో ఇనుప రజను కలిపితే పరీక్షలో సీసం దాదాపు కనిపించదు. కారణం ఇంటర్ పుస్తకంలోని రసాయన శాస్త్రమే. ద్రావణంలోకి వచ్చిన సీసాన్ని ఇనుము స్థానభ్రంశం చేసి మళ్లీ లోహంగా మార్చేస్తుంది.

పద్దెనిమిది గంటల పరీక్షకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నేలలో ఉండాల్సింది మాత్రం దశాబ్దాలు. ఇనుము తుప్పు పడుతుంది, ఆ ప్రభావం క్రమంగా పోతుంది, సీసం మళ్లీ నీటిలోకి దిగుతుంది. అంటే ఇనుము సీసాన్ని కొంతకాలం ఆపింది గానీ శాశ్వతంగా మార్చలేదు, పరీక్షను మాత్రం మార్చేసింది. సీసం ఉన్న వ్యర్థంలో ప్రమాణం అందుకోవడం కోసం ఇనుప రజను గానీ లోహరూపంలో ఉన్న ఇనుమును గానీ కలపడం నిషిద్ధమైన పల్చన అని ఈపీఏ తన నియమంలోనే పేరుపెట్టి రాసింది. ఒక పదార్థాన్ని పేరుతో సహా ఇలా నిలదీయడం నియమావళుల్లో అరుదు. ఒక విషయం గమనించాలి. అనుమతి కొలబద్దతో చూస్తే ఇనుము కలపడం నిస్సందేహంగా శుద్ధే, వ్యర్థం రసాయన స్వభావాన్ని మార్చే ఉద్దేశంతోనే చేశారు. ఆజ్ఞ కొలబద్దతో చూస్తే అది శుద్ధి కాదు. ఒకే పని, ఒకే చట్టం, రెండు జవాబులు. పర్మిట్ లేకుండా కలిపినవాడు రెండువైపులా నష్టపోతాడు.

1992లో అమెరికా అప్పీలు కోర్టు ఒకటి కెమికల్ వేస్ట్ మేనేజ్‌మెంట్ అనే కంపెనీకి, ఈపీఏకి మధ్య నడిచిన కేసులో ఈ కొలబద్దను ఇంకా బిగించింది. ఆమ్లాన్ని తటస్థం చేశారు, పీహెచ్ 7కి వచ్చింది, ఇక ప్రమాదకరం కాదు, పూడ్చేయొచ్చు కదా అని అడిగితే, ఆ ఆమ్లంలో కరిగి ఉన్న లోహాలు, ఇతర విషపదార్థాల సంగతేమిటని కోర్టు అడిగింది. పైకి కనిపించే గుణం పోయినంత మాత్రాన ముప్పు కనిష్ఠమైనట్టు కాదని తేల్చింది. దాని తర్వాత అడుగున దాగిన విషాలకు కూడా ప్రమాణాలు వచ్చాయి. పాదరసం దగ్గరైతే అంకెతో సరిపెట్టలేదు, పద్ధతినే శాసించారు. కిలోకు 260 మిల్లీగ్రాములు, ఆపైన పాదరసం ఉన్న అనేక వ్యర్థాలను వేయించి, ఆవిరైన పాదరసాన్ని తిరిగి పట్టుకోవాలి. సిమెంటులో కలిపి పూడుస్తామంటే ఒప్పుకోరు. ఇన్సినరేటర్లో కాలిస్తే ముఖ్యమైన విష రసాయనాల్లో 99.99 శాతం నశించాలి. డయాక్సిన్ వర్గపు వ్యర్థాలకైతే 99.9999 శాతం.

యూరప్ వేరే దారి పట్టింది. అక్కడి 2008 నాటి వ్యర్థాల చట్రపు ఆదేశం ప్రకారం ట్రీట్‌మెంట్ అంటే తిరిగి రాబట్టుకునే పనులు, వదిలించుకునే పనులు, వాటికి ముందు చేసే సన్నాహాలు. మార్పు, ఉద్దేశం అనే లోతులోకి పోకుండా పనుల జాబితా ఇచ్చేశారు. వదిలించుకునే పనులకు డి1 నుంచి డి15 వరకు, రాబట్టే పనులకు ఆర్1 నుంచి ఆర్13 వరకు నంబర్లు. నేలలో పూడ్చడం డి1, నేల మీద కాల్చడం డి10. కలపడం డి13, ఇంకో పీపాలోకి మార్చి ప్యాక్ చేయడం డి14. పుట్టిన చోట కాకుండా వేరే చోట దాచి ఉంచడం కూడా డి15 కిందికి వస్తుంది. అంటే కదలకుండా కూర్చున్న పీపా కూడా అక్కడ ట్రీట్‌మెంటే. అమెరికాలో నిల్వ, శుద్ధి, పారవేత మూడు వేరువేరు మాటలు. యూరప్‌లో అన్నిటికీ ఒకే గొడుగు. ఇలాంటి జాబితా పద్ధతి 1989 నాటి బాసెల్ ఒప్పందంలోనే ఉంది. దేశాల మధ్య ప్రమాదకర వ్యర్థాల రాకపోకలను అదుపుచేసే ఆ ఒప్పందం నాలుగో అనుబంధంలో రీసైక్లింగ్‌ని సైతం ‘డిస్పోజల్’ అనే మాట కిందే పెట్టారు. రీసైక్లింగ్ పేరు చెప్పి విషాన్ని ఎగుమతి చేసేవాళ్లకు దారి దొరకకూడదు కదా.

జాబితా ఉంటే తగవులు పోతాయా అంటే పోవు, చోటు మారతాయి. యూరప్‌లోనూ పూడ్చే ముందు వ్యర్థాన్ని శుద్ధి చేయాలన్న ఆజ్ఞ 1999 నాటి ల్యాండ్‌ఫిల్ ఆదేశంలో ఉంది. అక్కడ శుద్ధికి విడిగా నిర్వచనం ఉంది, అందులో పరిమాణం తగ్గించడం కూడా ఒక లక్ష్యమే. రోమ్ దగ్గరి మాలగ్రోటా డంపులో చెత్తను నలగ్గొట్టి, కుదించి పూడ్చిపెట్టారు. అది మామూలు పట్టణ చెత్త, ప్రమాదకర వ్యర్థం కాదు, కానీ వాదన అదే. అది చాలదు, సరిగ్గా వేరుచేయాలి, కుళ్లే భాగాన్ని స్థిరపరచాలి అని యూరప్ న్యాయస్థానం 2014 అక్టోబరులో ఇటలీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అమెరికాలో పర్మిట్ అడిగే చోట కుదించడం శుద్ధి. యూరప్‌లో పూడ్చే ముందు దగ్గర కుదించడం ఒక్కటే శుద్ధి అనిపించుకోలేదు. సముద్రానికి అవతలా ఇవతలా కూడా రెండు కొలబద్దల తీరు మారలేదు. పల్చన విషయంలో ఇద్దరి మాటా ఒకటే. ప్రమాదకర వ్యర్థాన్ని పల్చన చేసి ప్రమాదకరం కాదని పేరు మార్చకూడదని యూరప్ ఆదేశం కూడా చెబుతుంది.

భారతదేశపు 2016 నియమాల్లోని నిర్వచనం పొట్టిది. వ్యర్థం హాని చేసే సామర్థ్యం తగ్గేలా దాని భౌతిక, రసాయన, జీవ లక్షణాలను గానీ కూర్పును గానీ మార్చే పద్ధతి అని దాని సారం. పరిమాణం తగ్గించడం, నిల్వకు అనువు చేయడం వంటివి అందులో లేవు. చదవగానే ఇక్కడ పెద్ద కంత ఉందే అనిపిస్తుంది. అలా లేదు. అధికార అనుమతి కావాల్సిన పనులను చెప్పే నియమంలో పుట్టించడం, నిల్వ, ప్యాకింగ్, రవాణా, వాడకం, శుద్ధి, ప్రాసెసింగ్, రీసైక్లింగ్ నుంచి అమ్మకానికి పెట్టడం దాకా అన్నీ వరసగా రాసేశారు. ఏ గదిలోకి పోయినా గుమ్మం ఒకటే. అనుమతి అడిగే బరువు శుద్ధి అనే మాట ఒక్కదాని మీదే పడలేదు కాబట్టి, దాన్ని సాగదీయాల్సిన అవసరం రాలేదు.

శుద్ధి అయ్యాక మిగిలేదాని సంగతి ఇంకా ఉంది. అమెరికాలో వ్యర్థం రెండు రకాలుగా ప్రమాదకరం అవుతుంది. మండటం, తినేయడం లాంటి గుణం ఉంటే ఒకటి. ఫలానా ప్రక్రియలో పుట్టిందని జాబితాలో ఉంటే రెండోది. గుణం వల్ల అయినదానికి గుణం పోతే పేరు పోతుంది. జాబితాలో ఉన్నదాన్ని శుద్ధి చేస్తే మిగిలిన బూడిద, బురద, చివరికి పూడ్చిన చోట ఊరే నీరు కూడా అదే జాబితా పేరు మోస్తాయి. ఈ నియమాన్ని పెట్టే ముందు ప్రజలకు సరైన నోటీసు ఇవ్వలేదని 1991లో షెల్ ఆయిల్ కేసులో కోర్టు కొట్టేస్తే, ఈపీఏ మరుసటి ఏడాదే తాత్కాలికంగా మళ్లీ తెచ్చి, 2001లో కొన్ని సడలింపులతో ఖాయం చేసింది. శుద్ధి చేయించినంత మాత్రాన బయటపడాలంటే వీలు కాదు. బూడిద బాగానే ఉందని విడిగా దరఖాస్తు పెట్టి, ఒప్పించి, జాబితా నుంచి తీయించుకోవాలి.

మొదట్లో చూసిన పీపాకు దీన్ని వర్తింపజేస్తే ఇలా ఉంటుంది. సాల్వెంట్‌ని మూత తీసి గాలికి వదలకుండా బట్టీ పట్టి తిరిగి రాబట్టుకుంటే అది రీసైక్లింగ్, ఆ బట్టీకి పర్మిట్ అక్కర్లేదు. వచ్చిన శుభ్రమైన సాల్వెంట్‌ని మళ్లీ యంత్రాలు కడగడానికి వాడితే అది ఇక వ్యర్థం కాదు. బట్టీ అడుగున నల్లటి మడ్డి ఒకటి మిగులుతుంది. వాడేసిన సాల్వెంట్ల జాబితాలో ఆ మడ్డి పేరు కూడా ముందే రాసి ఉంది. దాన్ని గీకి ఇంకో పీపాలో వేయాలి, తేదీ రాయాలి, మూత బిగించాలి. 90 రోజుల లెక్క అక్కడినుంచి మళ్లీ మొదలవుతుంది.